విషం తగ్గిన వైద్యం

పుట్టుకతో వచ్చే రక్త వ్యాధులను ఎముక మజ్జ మార్పిడి నయం చేయగలదు. కానీ దానికి ముందు ఇచ్చే మందులే చాలామంది పిల్లల పాలిట గండం. ఆ మందుల తీవ్రతను తగ్గించే ప్రయత్నాలు ఎవరికి చికిత్స చేయవచ్చు, ఎవరికి చేయకూడదు అన్న గీతను చెరిపి మళ్లీ గీస్తున్నాయి.

ఎముక మజ్జ మార్పిడి వార్డుల్లో రోజుల లెక్కే వేరు. దాత కణాలు రోగి ఒంట్లోకి వెళ్లే రోజు సున్నా. అంతకు ముందువి మైనస్ రోజులు, ఆ తర్వాతివి ప్లస్ రోజులు. సున్నా రోజు గురించి ఏవేవో ఊహించుకున్న తల్లిదండ్రులకు తీరా ఆ రోజు వచ్చాక కాస్త నిరాశే మిగులుతుంది. ఆపరేషన్ థియేటర్ ఉండదు. కోతలూ కుట్లూ ఉండవు. మామూలు రక్తం సంచీ లాంటిదే ఒకటి స్టాండుకు వేలాడుతుంది. ఛాతీ దగ్గర అమర్చిన గొట్టం గుండా కొన్ని గంటల్లో ఖాళీ అవుతుంది. అంతే, మార్పిడి అయిపోయినట్టే.

అసలు కథ మైనస్ రోజుల్లో నడుస్తుంది. వరి నాట్లు వేసే ముందు మడిని దమ్ము చేసినట్టే, దాత కణాలు వేళ్లూనుకోవాలంటే రోగి మజ్జను ముందుగా సిద్ధం చేయాలి. వైద్యులు దీన్ని కండిషనింగ్ అంటారు. ఇందులో రెండు పనులున్నాయి. రోగి ఎముకల్లోని పాత మూలకణాలను తొలగించి కొత్తవాటికి చోటు చేయడం ఒకటి. పరాయి కణాలను తరిమేయకుండా రోగనిరోధక వ్యవస్థను అణచి ఉంచడం రెండోది. ఈ రెండింటికీ దశాబ్దాలుగా వాడుతున్నవి భారీ మోతాదులో కీమోథెరపీ మందులు, లేదంటే ఒళ్లంతటికీ రేడియేషన్. జుట్టు రాలడం, నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేకపోవడం ఇందులో చిన్న కష్టాల కింద లెక్క. కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోవడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం, ఇన్ఫెక్షన్లు, పెద్దయ్యాక సంతానం కలగకపోవడం పెద్ద కష్టాలు.

లుకేమియా రోగి విషయంలో ఈ శిక్షకు అర్థముంది. అక్కడ ఆ మందులకు మూడో పని కూడా ఉంది, క్యాన్సర్ కణాలను చంపడం. తలసీమియా, సికిల్‌సెల్, ఫాంకోని అనీమియా వంటి జబ్బులతో పుట్టిన పిల్లల ఒంట్లో చంపాల్సిన శత్రువే లేడు. వాళ్ల మజ్జ చేసిన తప్పల్లా రక్తాన్ని సరిగా తయారుచేయలేకపోవడమే. అయినా క్యాన్సర్ వార్డులో రూపొందిన మోతాదులే వాళ్లకూ వచ్చాయి. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకున్నట్టు.

గత నలభై ఏళ్లలో ఈ రంగంలో జరిగిన ప్రయత్నాన్ని ఒక్క ప్రశ్నలో చెప్పవచ్చు: ఎంత తక్కువ మందుతో పని జరుగుతుంది? ప్రశ్న చిన్నదే. జవాబు కోసం చాలా ప్రాణాలు పోయాయి.

నెలనెలా రక్తం

ఈ ప్రశ్న భారత్‌కు ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే రక్తం ఎక్కించే కేంద్రాల్లోకి వెళ్లాలి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన తలసీమియా అండ్ సికిల్‌సెల్ సొసైటీ వంటి చోట్ల మంచాల నిండా పిల్లలే కనిపిస్తారు. ఒక చేతికి సూది, ఇంకో చేతిలో హోంవర్కు పుస్తకమో, ఫోనో. బీటా తలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డకు హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో లోపం ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే బతకడం కష్టం. దేశంలో ఏటా పది నుంచి పన్నెండు వేల మంది ఇలాంటి పిల్లలు పుడుతున్నారని అంచనా. మన్యంలోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ గిరిజనులను వేధించే సికిల్‌సెల్ దీనికి దగ్గరి చుట్టమే. అక్కడా లోపం హిమోగ్లోబిన్‌దే. కాకపోతే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంకర తిరిగి రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పి పుట్టిస్తాయి.

రక్తం ఎక్కిస్తే బిడ్డ బతుకుతుంది. కానీ ప్రతి యూనిట్ రక్తంతో పాటు దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము కూడా లోపలికి వెళ్తుంది. దాన్ని బయటికి పంపే దారి మనిషి ఒంట్లో లేదు. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పోతే గొప్ప. మిగిలిందంతా కాలేయంలో, గుండెలో, హార్మోన్ల గ్రంథుల్లో పేరుకుపోతుంది. దాన్ని తీసేయడానికి ఒకప్పుడు రాత్రంతా పొట్ట చర్మం కింద సూది గుచ్చి పంపుతో మందు ఎక్కించాల్సి వచ్చేది. నోటితో మింగే డెఫెరిప్రోన్ మాత్రను 1995లో సిప్లా భారత మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత డెఫెరాసిరాక్స్ వచ్చింది. మాత్రలు వచ్చినంత మాత్రాన ప్రతి బిడ్డా ప్రతిరోజూ వేసుకుంటుందని కాదు. మందు కొనలేని ఇళ్లు, కొన్నా రక్తపరీక్షలు చేయించలేని ఊళ్లు బోలెడు. ఫలితంగా ఏడేళ్లు నిండేసరికే చాలామంది పిల్లల కాలేయం పొట్టలో చేతికి తగిలేంతగా పెరిగిపోయి ఉంటుంది.

రక్తం కూడా ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది తలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ సోకినట్టు బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు, 2025 అక్టోబరులో ఝార్ఖండ్‌లోని చాయిబాసాలో మళ్లీ ఐదుగురు పిల్లలు. కాబట్టి మార్పిడి ప్రమాదకరమనుకుని ఆగిపోయే తల్లిదండ్రులు పిల్లలను భద్రమైన చోట ఉంచుతున్నారనుకోవడానికి వీల్లేదు. ఇటు నెమ్మదిగా కమ్ముకొచ్చే ముప్పు. అటు నెల రోజుల్లో తేలిపోయే ముప్పు. ఈ బేరం ఎటు మొగ్గాలన్నది చివరికి కండిషనింగ్ మందుల మీద ఆధారపడి ఉంటుంది.

పారిస్ నేర్పిన పాఠం

మందు తగ్గించవచ్చన్న ఆలోచన తలసీమియా నుంచి రాలేదు. అంతకంటే ఎంతో అరుదైన జబ్బు నుంచి వచ్చింది. 1927లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గీడో ఫాంకోని ఒకే ఇంట్లోని ముగ్గురు అన్నదమ్ముల్లో వింత రక్తహీనతను గుర్తించాడు. ఆయన పేరే జబ్బుకు పెట్టారు. ఈ పిల్లలు చాలామంది పొట్టిగా ఉంటారు, కొందరికి బొటనవేళ్లు సరిగా ఏర్పడవు, బడికి వెళ్లే వయసు వచ్చాక మజ్జ ఎండిపోవడం మొదలవుతుంది. అసలు లోపం మాత్రం ప్రతి కణంలోనూ ఉంటుంది. దెబ్బతిన్న డీఎన్‌ఏను మరమ్మతు చేసుకునే యంత్రాంగమే పనిచేయదు.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. కీమోథెరపీ, రేడియేషన్ చేసే పని డీఎన్‌ఏను దెబ్బతీయడమే. మామూలు మనిషి కణాలు కొంత కోలుకుంటాయి. ఫాంకోని బిడ్డ కణాలు కోలుకోవు. 1970ల్లో మజ్జ ఎండిపోయిన ఇతర రోగులకు ఇచ్చినట్టే వీళ్లకూ సైక్లోఫాస్ఫమైడ్ అనే మందును కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చారు. దాత కణాలు నిలదొక్కుకునేలోపే పిల్లలు మందు దెబ్బకు చనిపోయారు. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మాన్ బృందం ఆ మోతాదును కిలోకు 20 మిల్లీగ్రాములకు, అంటే పదో వంతుకు తగ్గించి, దానికి కొద్దిపాటి రేడియేషన్ జోడించింది. పిల్లలు బతికారు. దాత మజ్జ నాటుకుంది. 1983 నాటికి ఈ ఫలితాలు వైద్య పత్రికలకెక్కాయి. అదే గ్లుక్‌మాన్ 1988లో మరో ఫాంకోని బాలుడికి అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో మార్పిడి చేసి చరిత్ర సృష్టించారు. ప్రపంచంలో బొడ్డుతాడు రక్తంతో జరిగిన తొలి మార్పిడి అదే.

చెప్పుకోవలసిన విషయమేమిటంటే, ఎవరూ దయతలచి మోతాదు తగ్గించలేదు. ఆ పిల్లలు తట్టుకోలేరు గనుక తగ్గించక తప్పలేదు. మజ్జ మార్పిడికి ఆద్యుడైన అమెరికా వైద్యుడు డోనల్ థామస్, 1990లో నోబెల్ బహుమతి అందుకున్నది ప్రధానంగా లుకేమియా చికిత్సకు బాట వేసినందుకే. ఆ బాట పొడవునా నియమం ఒక్కటే: రోగి తట్టుకోగలిగినంత ఎక్కువ. ఆ నియమాన్ని తిరగరాసినవాళ్లు తట్టుకోలేని పిల్లలు.

సగం మజ్జ చాలు

రెండో పాఠం ఇటలీ నుంచి వచ్చింది. తలసీమియాకు తొలి మజ్జ మార్పిడి 1981 డిసెంబరులో సియాటిల్‌లో జరిగింది. ఆ రోజుల్లోనే ఇటలీలోని పెసారోలో గీడో లూకరెల్లి కూడా మొదలుపెట్టాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో ప్రపంచంలో తలసీమియా మార్పిడి అంటే పెసారో పేరే చెప్పేవారు. పిల్లలను మూడు తరగతులుగా విభజించే పద్ధతి లూకరెల్లిదే. కాలేయం పెరిగిందా, అందులో మచ్చ కట్టిందా, ఇనుము తీసే మందు సక్రమంగా వాడారా అన్నవి కొలమానాలు. మూడూ బాగుంటే మొదటి తరగతి. వీళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా బతికారు. మూడూ చెడితే మూడో తరగతి. అక్కడ మరణాలు భయపెట్టే స్థాయిలో ఉండేవి.

అయితే పెసారో వైద్యులు ఇంకో వింత గమనించారు. మార్పిడి తర్వాత కొందరు పిల్లల్లో పాత మజ్జ పూర్తిగా పోలేదు. సొంత కణాలు, దాత కణాలు ఒకే ఎముకలో కాపురం పెట్టాయి. లెక్కప్రకారం ఇది విఫలమైన కేసు. కానీ దాత కణాలు పావు వంతు మాత్రమే ఉన్న కొందరికి కూడా మళ్లీ రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

కారణం తెలిశాక ఆశ్చర్యపోవాల్సింది లేదు. సికిల్‌సెల్ రోగి ఎర్రకణం పది ఇరవై రోజులు బతుకుతుంది. ఆరోగ్యవంతుడి ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది. మజ్జలో దాత వాటా ఐదో వంతే అయినా, రక్తనాళాల్లో తిరిగేది చాలావరకు దాత ఎర్రకణాలే. చచ్చు విత్తనం మొలిచినా నిలవదు, మంచి విత్తనం నిలుస్తుంది. కాబట్టి పొలమంతా తగలబెట్టాల్సిన పని లేదు.

ఈ తర్కం నమ్మి అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వైద్యులు సికిల్‌సెల్‌తో అవయవాలు దెబ్బతిని, మామూలు మార్పిడికి పనికిరారని తోసేసిన పెద్దవాళ్లను తీసుకున్నారు. భారీ కీమోథెరపీ ఇవ్వలేదు. స్వల్ప రేడియేషన్, రోగనిరోధక కణాలను అణచే ఒక యాంటీబాడీ, ఆ తర్వాత సిరోలిమస్ మాత్రలు. దాతలు అన్ని విధాలా సరిపోయిన తోబుట్టువులు. 2009లో ప్రచురించిన తొలి ఫలితాల్లో పది మందిలో తొమ్మిది మందికి దాత కణాలు నిలబడ్డాయి. పది మందీ బతికే ఉన్నారు.

మెతకదనం ఖరీదు

ఇంత సులభమైతే అందరికీ ఇదే చేయవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. మందు తగ్గితే ఇంకో వైపు నుంచి ప్రమాదం తన్నుకొస్తుంది. అణచిపెట్టిన రోగనిరోధక శక్తి లేచి కూర్చుని దాత కణాలను తరిమేస్తుంది. 2003లో అమెరికా నుంచి వచ్చిన ఒక నివేదిక ఈ రంగంలో వాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఆరుగురు సికిల్‌సెల్ రోగులకు, ఒక తలసీమియా రోగికి అతి స్వల్ప మందులతో మార్పిడి చేశారు. ఆరుగురిలో దాత కణాలు మొలకెత్తాయి. రోగనిరోధక శక్తిని అణచే మాత్రలు తగ్గించేసరికి ఒక్కరిలో కూడా మిగల్లేదు. ఎవరూ చనిపోలేదు, ఎవరికీ జబ్బూ నయం కాలేదు.

తలసీమియా పిల్లల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పదుల కొద్దీ, వందల కొద్దీ మంది రక్తం ఎక్కించుకున్న ఒంటికి పరాయి కణాన్ని పసిగట్టడం బాగా అలవాటైపోయి ఉంటుంది. పైగా వాళ్ల మజ్జ నిద్రపోతున్న మజ్జ కాదు. చేతకాని రక్తాన్నే రాత్రింబవళ్లు ఉత్పత్తి చేస్తూ ఎముకలను ఉబ్బిస్తున్న మజ్జ. దాన్ని ఖాళీ చేయించడానికి గట్టి మందే కావాలి. అదే సమయంలో ఇనుముతో నిండిన కాలేయం గట్టి మందును తట్టుకోలేదు. మందు ఎక్కువైతే బిడ్డ దక్కదు, తక్కువైతే మజ్జ దక్కదు.

ఈ చిక్కుముడిని విప్పడంలో పెద్ద అడుగు వేసింది మన పొరుగునే ఉన్న వేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మజ్జ మార్పిడి మొదలైందే తలసీమియా బిడ్డతో, 1986లో. అంతకు మూడేళ్ల ముందు ముంబైలోని టాటా మెమోరియల్‌లో దేశంలోని తొలి మార్పిడి జరిగింది, అది లుకేమియాకు. ఇటలీ వాళ్ల మూడు తరగతుల లెక్క తమ దగ్గరికి వచ్చే పిల్లలకు సరిపోవడం లేదని వేలూరు వైద్యులకు త్వరలోనే అర్థమైంది. ఇక్కడికి చేరేవాళ్లలో చాలామంది మూడో తరగతే. అందులోనూ ఏడేళ్లు నిండి, కాలేయం పక్కటెముకల కిందికి ఐదు సెంటీమీటర్లు, ఆపైన దిగినవాళ్ల పరిస్థితి మరీ అధ్వాన్నం. పెసారోలో ఇలాంటివాళ్లు తక్కువ గనుక వాళ్లకు విడిగా గడి అక్కర్లేకపోయింది. వేలూరు కొత్త గడి గీసింది: మూడో తరగతిలో అధిక ప్రమాద వర్గం.

ఈ వర్గానికి 2009 నుంచి బుసల్ఫాన్ అనే పాత మందును పక్కనపెట్టి, ట్రియోసల్ఫాన్ అనే మందును థయోటెపా, ఫ్లూడారబిన్‌లతో కలిపి ఇచ్చారు. ట్రియోసల్ఫాన్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఐరోపాలో అండాశయ క్యాన్సర్‌కు ఎప్పటి నుంచో వాడుతున్నదే. మజ్జను ఖాళీ చేయడంలో బుసల్ఫాన్‌కు దీటుగా నిలిచి, కాలేయాన్ని మాత్రం అంతగా బాధించదన్నది దీని ప్రత్యేకత. 2013లో వేలూరు బృందం ప్రచురించిన లెక్కలు చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. అధిక ప్రమాద వర్గంలో పాత పద్ధతిలో బతికినవాళ్లు నూటికి నలభై మంది లోపే. కొత్త పద్ధతిలో 86 మంది. కాలేయ రక్తనాళాలు మూసుకుపోయే ఉపద్రవం సగానికి పైగా తగ్గింది.

దీన్ని స్వల్ప తీవ్రత మార్పిడి అనడం కొందరు నిపుణులకు నచ్చదు. నిజమే, మజ్జను ఇది బాగానే తుడిచిపెడుతుంది. తగ్గింది దెబ్బ తీవ్రత కాదు, పక్కవాడికి తగిలే దెబ్బ. ఆలస్యంగా, చితికిపోయిన కాలేయంతో ఆసుపత్రికి చేరే పిల్లలున్న దేశానికి ఈ తేడా పాఠ్యపుస్తకాల్లోని పేర్ల కంటే ముఖ్యం. ఇంతకుముందు వైద్యులు తల అడ్డంగా ఊపి ఇంటికి పంపేసిన పిల్లలకు ఇప్పుడు కనీసం మాట్లాడుకోవడానికి ఒక అంకె ఉంది.

మందుకు బదులు గురి

ఇక తాజా అంకం కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌ది. మజ్జ మూలకణాల మీద సీడీ117 అనే ప్రోటీన్ ఉంటుంది. కణం బతికి ఉండటానికి కావలసిన సంకేతాన్ని అందుకునే గవాక్షం లాంటిది. దాన్ని యాంటీబాడీతో మూసేస్తే ఆ మూలకణం అలిసిపోయి చోటు ఖాళీ చేస్తుంది. పక్కనున్న పేగు, కాలేయం కణాలకు కీమోథెరపీ చేసేంత హాని ఉండదు. ఇర్వింగ్ వీస్‌మన్, ఆగ్నియెష్కా చెకోవిచ్ తదితరులు 2007లో ఎలుకల మీద ఇది నిరూపించారు. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పట్టింది.

2025 జులైలో నేచర్ మెడిసిన్ పత్రికలో రజనీ అగర్వాల్, చెకోవిచ్ బృందం ముగ్గురు ఫాంకోని పిల్లల ఫలితాలు ప్రకటించింది. బుసల్ఫాన్ లేదు, రేడియేషన్ లేదు. మార్పిడికి పన్నెండు రోజుల ముందు బ్రిక్విలిమాబ్ అనే యాంటీబాడీ ఒక్క డోసు. దాతలు తల్లో తండ్రో, అంటే సగమే సరిపోయినవాళ్లు. వాళ్ల కణాల్లోంచి రోగి శరీరం మీద దాడికి దిగే రకం రోగనిరోధక కణాలను ముందే వడకట్టారు. పరిశోధకులు దాత కణాలు కొద్ది శాతం నిలిచినా చాలనుకున్నారు. రెండేళ్ల తర్వాత చూస్తే ముగ్గురి మజ్జలోనూ దాదాపు నూరు శాతం దాత కణాలే.

పత్రికల్లో దీన్ని కీమో లేని మార్పిడి అన్నట్టు రాసినవాళ్లున్నారు. అది నిజం కాదు. రోగనిరోధక శక్తిని అణచడానికి సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లూడారబిన్ ఈ పిల్లలకూ ఇచ్చారు. యాంటీబాడీ తప్పించింది మజ్జను ఖాళీ చేసే మందును మాత్రమే. పైగా ముగ్గురంటే ముగ్గురే. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. మార్పిడి ఫాంకోని రక్తాన్ని బాగుచేస్తుంది, ఫాంకోనిని కాదు. ఒంట్లోని మిగతా కణాల్లో లోపం అలాగే ఉంటుంది. నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఇతరుల కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. రేడియేషన్ ఇచ్చి ఉంటే ఆ ముప్పు మరింత పెరుగుతుంది. అందుకే ఈ పిల్లలకు మెతక మందు అనేది నెల రోజుల కష్టం తగ్గించే సంగతి మాత్రమే కాదు, ముప్పయ్యో ఏట ఏమవుతుందన్న సంగతి కూడా.

విచిత్రమేమిటంటే జన్యు చికిత్సలు ఈ విషయంలో పాతకాలంలోనే ఉన్నాయి. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించిన కాస్‌జెవీలో రోగి సొంత మూలకణాలనే బయటికి తీసి, జన్యువును సవరించి తిరిగి ఎక్కిస్తారు. దాత గొడవే లేదు. కానీ తిరిగి ఎక్కించే ముందు పాత కణాలను తుడిచేయడానికి వాడేది పూర్తి మోతాదు బుసల్ఫాన్. ధర 22 లక్షల డాలర్లు, రూపాయల్లో పద్దెనిమిది కోట్లకు పైనే. ఇరవై ఒకటో శతాబ్దపు కత్తెరకు 1950ల నాటి మందు తోడు. మెతక కండిషనింగ్ కోసం జన్యు చికిత్స కంపెనీలు కూడా ఆత్రంగా ఎదురుచూడటానికి కారణం ఇదే.

దాత ఎవరు?

మందు ఎంత మెత్తబడినా దాత లేకపోతే చేసేదేమీ లేదు. తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఆ తోబుట్టువుకూ అదే జబ్బు ఉండే అవకాశం కూడా నాలుగింట ఒకటి. రెండూ కలిపి లెక్కేస్తే ఒక్కో తోబుట్టువు పనికొచ్చే దాత అయ్యే అవకాశం నూటికి పంతొమ్మిది. ఇద్దరు పిల్లలతో ఆపేసే ఇళ్లలో ఈ లెక్క ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. 2020లో అహ్మదాబాద్‌లో ఒక కుటుంబం పరీక్షనాళికలో పిండాన్ని ఎంచుకుని కన్న పాప మజ్జతో అన్న తలసీమియాను నయం చేసుకుంది. దేశంలో తొలిసారి అన్నారు. పుట్టకముందే ఒకరి మందుగా నిర్ణయమైన బిడ్డ గురించి చర్చా జరిగింది.

దక్షిణాదిలో మేనరికాలు ఈ లెక్కను రెండు వైపులా కదిలిస్తాయి. బావామరదళ్ల, మేనమామ మేనకోడళ్ల పెళ్లిళ్లలో ఇలాంటి దాగిన జన్యు లోపాలు జంటగా కలిసే అవకాశం పెరుగుతుంది. భారతీయ ఫాంకోని రోగుల్లో ఎఫ్‌ఏఎన్‌సీఎల్ అనే జన్యువులో ఒకే పూర్వీకుడి నుంచి పాకిన లోపం తరచుగా కనిపిస్తోందని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. అదే మేనరికం కొన్ని ఇళ్లలో తండ్రో, బాబాయి కొడుకో పూర్తిగా సరిపోయే దాతగా తేలేలా చేస్తుంది. జబ్బు ఇచ్చిన చుట్టరికమే మందూ ఇవ్వడమంటే ఇదే. అందుకే దగ్గరి పెళ్లిళ్ల కుటుంబం వస్తే వైద్యులు తోబుట్టువులతో ఆగకుండా చుట్టాలందరి పరీక్షలూ అడుగుతారు.

ఎవరూ దొరకనివాళ్లకు సగం సరిపోయే తల్లిదండ్రులే గతి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు మార్పిడి తర్వాత మూడు నాలుగు రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే ఉపాయం కనిపెట్టాక ఈ దారి తెరుచుకుంది. మార్పిడికి ముందు ప్రాణాలు తీసిన ఆ మందే తర్వాత రక్షకుడి వేషం కట్టింది. పెట్రేగిపోయే దాత రోగనిరోధక కణాలను చంపుతుంది, మూలకణాలను వదిలేస్తుంది. చవకైన పాత మందు కావడం మనలాంటి దేశాలకు ఇంకో వరం. బ్యాంకాక్‌లో 31 మంది తలసీమియా పిల్లలకు మార్పిడికి ముందే కొన్ని వారాల పాటు రోగనిరోధక శక్తిని నెమ్మదిగా అణచి, ఆ తర్వాత ఈ పద్ధతి వాడితే 29 మందిలో కణాలు నిలిచాయి. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. వరస చూడండి: ఒక్కసారి పెద్ద దెబ్బ కొట్టే బదులు ముందు నుంచీ కొంచెం కొంచెంగా.

డబ్బు సంగతి మిగిలింది. దేశంలో తోబుట్టువు దాతతో మార్పిడికి పది లక్షలు, ఆపైన అవుతుంది. సగం సరిపోయే దాత అయితే ఇంకా ఎక్కువ. కోల్ ఇండియా నిధులతో కేంద్రం 2017లో మొదలుపెట్టిన పథకం కింద పేద తలసీమియా పిల్లలకు పది లక్షల రూపాయల దాకా సాయం అందుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్‌సెల్ చేరాయి. 2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో ప్రధాని ప్రారంభించిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 2047ను గడువుగా పెట్టుకుంది. దాని దృష్టి ఎక్కువగా పరీక్షల మీద, పెళ్లికి ముందు కౌన్సెలింగ్ మీద ఉంది. అది సబబే. కానీ పరీక్షలో బయటపడిన మన్యం పిల్లకు మార్పిడి వార్డు వందల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మార్పిడి తర్వాత నెలల తరబడి అక్కడే అద్దె గది తీసుకుని ఉండాలి. ఏ పనీ చేయకుండా పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ నెలల కూలి ఏ పథకం లెక్కలోనూ కనిపించదు.

ఆడపిల్లల తల్లిదండ్రుల మనసులో ఇంకో ప్రశ్న ఉంటుంది, బయటికి అడగడానికి మొహమాటపడతారు. పూర్తి మోతాదు బుసల్ఫాన్ తీసుకున్న బాలికల్లో చాలామందికి అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. జబ్బు నయమైందని సంతోషించే ఇంట్లోనే పెళ్లి మాట వచ్చేసరికి అది బయటపడుతుంది. ట్రియోసల్ఫాన్ వాడిన బాలికల్లో ఈ నష్టం తక్కువగా ఉందని ఐరోపా నుంచి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. మెతక మందు వల్ల ఎంతమంది బతికారన్న అంకె ఆసుపత్రి రికార్డుల్లో దొరుకుతుంది. ఎంతమంది తల్లులయ్యారన్న అంకె రావడానికి ఇంకో పదేళ్లు పడుతుంది. బతికినవాళ్లు ముందు పెద్దవాళ్లు కావాలి.

మార్పిడి విజయవంతమైన తలసీమియా బిడ్డకు ఆసుపత్రి పని వెంటనే తీరిపోదు. ఏళ్ల తరబడి పేరుకున్న ఇనుము ఒంట్లో అలాగే ఉంటుంది. దాన్ని తీయడానికి అందరికంటే చవకైన పద్ధతి మందు కాదు. కొత్త మజ్జ బాగా పనిచేస్తున్నదని తేలాక, రెండు వారాలకోసారి బిడ్డను పిలిపించి చేతికి సూది గుచ్చి కొంత రక్తం తీసేస్తారు. పోయిన రక్తాన్ని పూడ్చుకోవడానికి కొత్త మజ్జ కాలేయంలోని ఇనుమును వాడుకుంటుంది. అవే మంచాలు, అవే సూదులు. సంచీ మాత్రం స్టాండుకు పైన కాకుండా మంచానికి కింద ఉంటుంది.